లావు అక్షరాలతో తెలుగు శీర్షిక ఎలా పెట్టాలి: వత్తులు నలగకుండా, గుడులు గుద్దుకోకుండా

"బలూ తమ్ముడు ఫాంట్ డౌన్‌లోడ్ చేశాను. మీరు పెట్టినట్టే పెట్టాను. నాది మాత్రం ముద్దలా ఉంది, ఎందుకు?" ఈ ప్రశ్న నన్ను వారానికి ఒక్కరైనా అడుగుతున్నారు. ఒక్కొక్కరి ఫైలు తెప్పించుకుని చూసి జవాబు చెప్పేకన్నా, నేను చేసే పద్ధతంతా ఒకచోట రాసిపెడితే మీకూ నాకూ హాయి.

లావు ఫాంట్‌లో కన్ను వెతుక్కునేది తెల్లటి ఖాళీలను. అక్షరం పొట్టలోని చిన్న ఖాళీ, తలకట్టు కింది సందు, వత్తుకీ పై అక్షరానికీ మధ్య ఉండే సన్నని దారి. వీటిలో ఏది పూడుకుపోయినా మాట ముద్దవుతుంది. కింద చెప్పే పనుల్లో చాలావరకు ఆ ఖాళీని కాపాడుకోవడానికే.

ఫాంట్ గురించి రెండు ముక్కలు. బలూను ముంబైకి చెందిన ఏక్ టైప్ అనే బృందం చేసింది. ఉబ్బిన ఒళ్ళు, మెత్తని వంపులు, చూడగానే నవ్వొచ్చే ముఖం. ఒక్కో లిపికీ ఒక్కో చుట్టరికం పెట్టారు. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, కన్నడానికి తమ్మ, గురుముఖికి పాజీ, మనకేమో తమ్ముడు. పాత బలూ తమ్ముడులో ఉన్నది ఒక్కటే లావు. పేరు చివర 2 ఉన్న కొత్తదానిలో 400 నుంచి 800 వరకు అయిదు లావులు ఉన్నాయి. మీకు కావలసింది ఈ కొత్తదే.

కావలసినవి

• బలూ తమ్ముడు 2. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఇచ్చారు కాబట్టి వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. ఫాంట్ ఫైలునే విడిగా అమ్ముకోకూడదు, అంతే.
• ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్, ఫోటోషాప్, కాన్వా లాంటి వాటిలో మీకు చెయ్యి తిరిగినది ఏదైనా.
• యూనికోడ్‌లో, అంటే ఏ ఫాంట్ పెట్టినా తెలుగుగానే కనిపించే పద్ధతిలో టైపు చేసిన మ్యాటర్.
• ఒక ఫోను, ఆ శీర్షికను ఇంతవరకు చూడని మనిషి ఒకరు. ఈ ఇద్దరి అవసరం చివర్లో వస్తుంది.

1. ఈ పనికి ఈ ఫాంట్ తగునా, చూసుకోండి

పిల్లల పుస్తకం అట్ట, ఆటల యాప్, వేసవి శిబిరం పోస్టర్, వీడియో థంబ్‌నెయిల్, స్టిక్కర్, కామిక్ బొమ్మలో శబ్దాలు... వీటికి దీన్ని కళ్ళు మూసుకుని వాడొచ్చు. సంతాప ప్రకటనకీ, కోర్టు నోటీసుకీ, మందు ఎన్ని చుక్కలు వేయాలో చెప్పే కాగితానికీ వద్దు. ఏడుస్తున్న మనిషి ముందు గెంతులేసినట్టుంటుంది.

ఇంకో పరీక్ష: మీ శీర్షికలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి. అయిదారు దాటితే ముందు మాటలు తగ్గించండి. "చిన్నారుల కోసం ప్రత్యేకంగా నిర్వహిస్తున్న బొమ్మల పోటీ" అని లావు అక్షరాల్లో రాస్తే ఎవరూ చదవరు. "పిల్లల బొమ్మల పోటీ" చాలు. మిగతాదంతా కింద చిన్న అక్షరాల్లోకి వెళ్ళొచ్చు.

2. సరైన ఫైలు ఇన్‌స్టాల్ చేయండి

డౌన్‌లోడ్ అయిన జిప్‌ను విప్పితే పైన వేరియబుల్ ఫాంట్ ఫైలు (అన్ని లావులూ ఒకే ఫైలులో), లోపల స్టాటిక్ అనే ఫోల్డరు (ఒక్కో లావుకి ఒక్కో ఫైలు) కనిపిస్తాయి. మీ సాఫ్ట్‌వేర్ కొత్తదైతే వేరియబుల్ ఫైలు చాలు, పాతదైతే స్టాటిక్ ఫోల్డరులోని అయిదూ వేసుకోండి. రెండూ కలిపి వేయకండి. ఫాంట్ల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపించి, ఏది ఏదో తెలియక తల పట్టుకుంటారు.

ఇన్‌స్టాల్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి మూసి తెరవండి.

3. మ్యాటర్ యూనికోడ్‌లో ఉందో లేదో చూడండి

డీటీపీ చేసేవాళ్ళ దగ్గరి నుంచి వచ్చే మ్యాటర్ చాలాసార్లు అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో టైపు చేసి ఉంటుంది. దానికి బలూ తమ్ముడు పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త కనిపిస్తుంది. ఫాంట్ పాడైపోయిందని కంగారు పడకండి. ఆ మ్యాటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. శీర్షిక నాలుగు మాటలే కాబట్టి మళ్ళీ టైపు చేసుకోవడమే సుఖం.

హెచ్చరిక: పీడీఎఫ్ నుంచి తెలుగును కాపీ చేసి అతికించకండి. చూడ్డానికి బాగానే వచ్చినట్టుంటుంది గానీ, ఎక్కడో ఒక గుడో వత్తో తారుమారై ఉంటుంది.

4. సాఫ్ట్‌వేర్‌కి తెలుగు కూర్చడం వచ్చా?

ఈ మెట్టు దాటేసి నేరుగా డిజైన్‌లోకి దూకేవాళ్ళే ఎక్కువ. ముందు ఖాళీ పేజీలో ఈ మాటలు టైపు చేసి చూడండి:

స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం, క్షమ, జ్ఞాపకం, వృద్ధి, కథ, పీఠం, ఘుమఘుమ, సాఫ్ట్‌వేర్

వత్తు అక్షరం కింద కూర్చోకుండా పక్కన పొడి అక్షరంగా నిలబడిందా? అది ఫాంట్ తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ అమరిక. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ దగ్గరికి వెళ్ళి వరల్డ్-రెడీ లేఅవుట్ అనేది కనిపిస్తే దాన్ని ఎంచుకోండి. పాత వెర్షన్లలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని షో ఇండిక్ ఆప్షన్స్‌కి టిక్కు పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు, మామూలుగానే సరిగ్గా కూరుస్తుంది.

సాఫ్ట్‌వేర్ అనే మాటను ఆ జాబితాలో ఊరికే పెట్టలేదు. అందులో ట్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పోతే వ వెళ్ళి ఫ కింద, ట వత్తుతోపాటు ఇంకో వత్తుగా కూర్చుని "సాఫ్ట్వేర్" అవుతుంది. కన్వర్టర్లు దాన్ని తరచూ మింగేస్తాయి. ఇంగ్లీషు మాటలున్న శీర్షికలో ప్రతి పొల్లునూ ఒకసారి తడిమి చూడండి.

5. లావు ఎంచుకోండి, బి బటన్ జోలికి వెళ్ళకండి

శీర్షికకు 800, ఉపశీర్షికకు 600, బొమ్మ కింద రాసే ఒక లైనుకు 500. నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఆంగ్లంలో ఒక మాటను నొక్కి చెప్పాలంటే పెద్దబడి అక్షరాలు పెడతారు. మనకు ఆ సదుపాయం లేదు. మనకున్నవి సైజు, లావు, రంగు. మూడూ ఒకేసారి వాడకండి, ఒకటి మారిస్తే చాలు.

లావును జాబితాలోంచే ఎంచుకోవాలి, బి (బోల్డ్) బటన్ నొక్కి కాదు. సాఫ్ట్‌వేర్‌కి నిజమైన బోల్డ్ దొరక్కపోతే ఉన్న అక్షరం చుట్టూ సిరా పూసి తనే లావు చేస్తుంది. డిజైనర్ చేసిన లావులో పొట్ట ఖాళీ కూడా దానికి తగ్గట్టు సర్ది ఉంటుంది. బటన్ చేసిన లావుకి ఆ లెక్క తెలియదు, లోపలికీ బయటికీ ఒకేలా ఉబ్బిపోతుంది. ఒక్క లావే ఉన్న రామభద్ర లాంటి ఫాంట్లకి బి నొక్కినప్పుడు జరిగేది ఇదే.

అక్షరాల మధ్య ఎడం సున్నా దగ్గరే ఉంచండి. ఇరికించి దగ్గరికి లాగితే, పక్కకు జరిగి కూర్చునే య వత్తులాంటివి తరవాతి అక్షరం కాలు తొక్కుతాయి.

6. లైన్ల మధ్య దూరం: అసలు గొడవంతా ఇక్కడే

అడోబీ సాఫ్ట్‌వేర్లలో ఆటో అని ఉండే లైన్ల దూరం అక్షరం సైజుకి 120 శాతం. ఇంగ్లీషుకి సరిపోతుంది. మనకు పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి, కింద వత్తులు వేలాడుతుంటాయి, స్త్రీ లాంటి చోట ఒకదానికి రెండు. 150 శాతంతో మొదలుపెట్టి, పై లైను వత్తు కింది లైను గుడికి తగిలేదాకా తగ్గించుకుంటూ రండి. తగిలిన చోటు నుంచి కాస్త వెనక్కి జరగండి. అదే మీ దూరం.

దూరం పెంచితే శీర్షిక విడిపోయినట్టుంటుంది, తగ్గిస్తే గుద్దుకుంటుంది. ఈ చిక్కుకి లైను ఎక్కడ విరవాలో చూసుకోవడమే మంచి మందు. ఇందాకటి శీర్షికనే తీసుకుందాం. మొదటి లైనులో "పిల్లల బొమ్మల", రెండో లైనులో "పోటీ". రెంటినీ ఎడమ అంచుకి చేర్చి చూడండి. పి కింద పో వస్తుంది, ల్ల కింద సరిగ్గా టీ వస్తుంది. ల వత్తు దిగేదీ, గుడిదీర్ఘం లేచేదీ ఒకే చోట. ఢీ! ఇప్పుడు రెండో లైనును మధ్యకి జరపండి. వత్తులున్నవి ల్ల, మ్మ. వాటి నడుమ "ల బొ" అనే చోట కింద ఏమీ లేదు. "పోటీ" వెళ్ళి ఆ రెండు వత్తుల మధ్య, తాళంలో చెవి దూరినట్టు కూర్చుంటుంది. లైన్ల దూరం ఇంకా తగ్గించినా తగలదు. పోటీని బాగా పెద్దది చేస్తే మాత్రం మళ్ళీ వత్తుల దాకా పాకుతుంది.

ప్రతి శీర్షికకీ ఇలా ఒక చోటు దొరుకుతుంది. రెండు మూడు రకాలుగా విరిచి చూడండి. ఎలా విరిచినా తగులుతుంటే మాట మార్చండి. రాసినాయన ఒప్పుకోకపోతే కింది లైను రంగు మార్చండి, తగిలినా కనీసం కలిసిపోదు.

బటన్‌లోనో రంగు పట్టీలోనో పెడుతున్నారా? సాఫ్ట్‌వేర్ నడిమికి చేర్చినా అక్షరాలు పైకో కిందికో జరిగినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే వత్తు లేని మాటకి కూడా ఫాంట్ వత్తు కోసం చోటు వదులుతుంది. కంటితో చూసి రెండు మూడు పిక్సెళ్ళు జరపండి. కొలతల్ని కాదు, కన్నును నమ్మండి.

7. అవుట్‌లైన్ వేయాలంటే

ఇలాంటి ఫాంట్ చేతికి రాగానే అందరికీ ముందు చుట్టూ తెల్ల గీత వేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒకసారి "కథల సందడి" అని బ్యానర్ చేశాను. లావు అక్షరం, దాని మీద ముదురు రంగులో దళసరి అవుట్‌లైన్. తెర మీద అద్భుతం. అచ్చయి వచ్చాక ఒక పెద్దాయన దగ్గరికి పిలిచి, "బాబూ, కథలో థకు చుక్క పెట్టడం ఈ రోజుల్లో మానేశారా?" అన్నారు. చుక్క ఉంది. నా అవుట్‌లైన్ లోపలికి పాకి దాన్ని మింగేసింది. చూసినవాళ్ళకి "కధల సందడి" అనే కనిపించింది. ఫాంట్‌లో ఏ లోపమూ లేకుండానే నాకు అక్షరదోషం అంటింది.

అవుట్‌లైన్ మామూలుగా అక్షరం అంచుకి అటు సగం, ఇటు సగం పడుతుంది. ఆరు పాయింట్ల గీతంటే మూడు పాయింట్లు అక్షరం లోపలికి, పొట్ట ఖాళీ వైపు మళ్ళీ మూడు పాయింట్లు. అందుకని ఇలా చేయండి:

అ) టెక్స్ట్‌కి ఒక నకలు తీసి, సరిగ్గా అసలు దాని వెనక పెట్టండి.
ఆ) గీతను వెనక ఉన్న నకలుకి మాత్రమే వేయండి. ముందున్నది శుభ్రంగా ఉంటుంది.
ఇ) గీత మూలలను గుండ్రంగా ఉండేలా ఎంచుకోండి. లేకపోతే వంపుల దగ్గర ముళ్ళు మొలుస్తాయి.
ఈ) ఇప్పుడు థ, ఠ, ఘ లాంటి అక్షరాల పొట్టలను పెద్దవి చేసి చూడండి. వెనకున్న గీత వాటిలో కనిపిస్తూ ఖాళీని నింపుతుంటే గీతను సన్నం చేయండి.

ఇంకో చిక్కు. అక్షరం, దాని గుడి, దాని వత్తు ఫాంట్ లోపల వేరు వేరు ముక్కలుగా ఉండొచ్చు. వాటిని గీతలుగా (టైపు చేసిన అక్షరాల్లా కాకుండా బొమ్మలుగా) మార్చి అవుట్‌లైన్ వేస్తే, అతికిన చోట లోపల అడ్డగీతలు తేలతాయి. వేరియబుల్ ఫాంట్లలో ఇది మరీ ఎక్కువ. గీతలుగా మార్చాక అన్నిటినీ ఎంచుకుని యునైట్ లేదా యూనియన్ నొక్కితే ఒకటవుతాయి. లేదంటే పైన చెప్పిన నకలు పద్ధతిలోనే అవి దాదాపు దాక్కుంటాయి.

కామిక్ శబ్దాలు రాసేవాళ్ళకి ఒక మాట. మన శబ్దాల్లో ఢాం, ధడేల్, ఫట్, ఛళ్ అంటూ ఒత్తి పలికే మహాప్రాణాలే ఎక్కువ. అంటే, తేలిగ్గా నలిగిపోయే ఆ కింది చిన్న గీత మీదే మొత్తం శబ్దం ఆధారపడి ఉంటుంది. ఆ గీత పోతే ఢాం కాస్తా డాం అయి, బాంబు తుస్సుమంటుంది. అక్కడ 800 బదులు 700 వాడి సైజు పెంచండి.

8. రంగు, తోడు ఫాంట్

లావు అక్షరానికి రంగు నిలుస్తుంది కాబట్టి ముదురు రంగుల మీద ధైర్యంగా ఆడొచ్చు. తెలుపు మీద పసుపు మాత్రం ఎంత లావైనా కనిపించదు. వెబ్‌లో పెద్ద అక్షరాలకి కనీసం 3:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో ఉండే తేడా) ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి. దాన్ని లెక్కగట్టే ఉచిత పనిముట్లు చాలా ఉన్నాయి. ఫోటో మీద రాస్తే అక్షరాల వెనక ఒక రంగు పట్టీ వేయండి.

కింది వివరాలకి ఇదే ఫాంట్ వాడకండి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి నిదానస్తులను పక్కన పెడితే తమ్ముడి అల్లరి ముచ్చటగా ఉంటుంది. ఇద్దరు అల్లరివాళ్ళు ఒకే పోస్టర్‌లో వద్దు. శీర్షిక కాస్త బుద్ధిగా ఉండాలంటే అదే బృందం చేసిన అనేక్ తెలుగు చూడండి. అందులో లావుతోపాటు వెడల్పును కూడా మార్చుకోవచ్చు, ఇరుకు చోట బాగా పనికొస్తుంది.

9. బయటికి పంపడం

అచ్చుకి పంపేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చండి, లేదా పీడీఎఫ్‌లో ఫాంట్ ఎంబెడ్ అయ్యేలా, అంటే ఫైలులోనే ఇమిడి వెళ్ళేలా చూడండి. అవతలి కంప్యూటర్‌లో ఈ ఫాంట్ లేకపోతే మరేదో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. గీతలుగా మార్చే ముందు ఫైలును వేరే పేరుతో సేవ్ చేసుకోవడం మరవద్దు. మార్చాక ఒక్క అక్షరం దిద్దాలన్నా కుదరదు.

వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే కుదించేస్తుంది, అంచుల చుట్టూ మురికి పేరుకుంటుంది. జేపీజీ కన్నా పీఎన్‌జీ నయం.

సరిచూసుకోవడం

• తెర మీద 10 శాతానికి తగ్గించి చూడండి. థంబ్‌నెయిల్ అయితే ఫోనులో, చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. చదవగలిగితే మొదటి గండం గడిచినట్టే.
• నలుపు తెలుపులోకి మార్చండి. శీర్షిక నేపథ్యంలో కలిసిపోతే రంగు మార్చాలి, లావు కాదు.
• ఈ జంటలను పనిగట్టుకుని వెతకండి: ద, ధ, థ. ర, ఠ. డ, ఢ. ప, ష. వు, మ. లావు ఫాంట్లలో తొందరగా చూసే కంటికి ఇవి ఒకటిగా కనిపిస్తాయి.
• అచ్చుకి వెళ్ళేదైతే అసలు సైజులో ఒక ముక్కను, వత్తులు ఎక్కువున్న చోటును, మామూలు కాగితం మీద ప్రింట్ తీయండి. సిరా కాగితంలో కొంచెం పాకుతుంది. తెర మీద మిగిలిన సందు అచ్చులో మిగలకపోవచ్చు.

ఇవన్నీ అయ్యాక, మొదట్లో చెప్పిన ఆ మనిషిని పిలవండి. అందులో ఏం రాసి ఉందో మీరు చెప్పకండి. రెండు సెకన్లు చూపించి, పక్కకు తీసేసి, ఏం చదివారో అడగండి. మీకు ఆ మాట ముందే తెలుసు కాబట్టి చుక్క లేకపోయినా మీ కన్ను చుక్క పెట్టుకుని చదివేస్తుంది. ఆయన కంటికి ఆ సాయం లేదు. ఎక్కడైనా తడబడితే ఏ అక్షరం దగ్గరో అడిగి రాసుకోండి, ఆరో మెట్టుకో ఏడో మెట్టుకో వెనక్కి వెళ్ళండి. దిద్దాక ఇంకొకరిని వెతుక్కోవాలి, మొదటాయనకి ఇప్పుడు జవాబు తెలిసిపోయింది.